హోదాకు తగ్గ దడ

మా శాఖలో ఏ వాక్యమూ వృథాగా పోదు. ఆ సంగతి తెలియని రోజుల్లో నేను ఐదు వాక్యాలు రాశాను.

మాది ప్రాంతీయ సమన్వయ శాఖ. ఏ పనిని ఏ పనితో సమన్వయం చేస్తామన్నది ఇంకా పరిశీలనలో ఉంది. అందులో నేను ఉద్యోగుల మనోవికాస అధికారిని. అంతకుముందు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవాణ్ణి. వరండా చివర, రికార్డు గది దాటాక, నాకొక గది ఇచ్చారు. నాలుగేళ్లలో మనోవికాసం కోసం నా దగ్గరికి ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఇద్దరు రికార్డు గది అనుకుని వచ్చారు. నాకు ఆ గది నచ్చింది. నిశ్శబ్దంగా ఉండేది. మనుషుల గురించి ఆలోచించడానికి మనుషులు లేని చోటు కంటే మంచిది దొరకదు.

అలాంటి గదికి మూడో మనిషిగా ఒక మధ్యాహ్నం డైరెక్టర్ త్రివిక్రమరావు గారు స్వయంగా వచ్చారు. అధికారుల కార్ల మీద ఎర్ర బుగ్గలు తీసేయాలని ఉత్తర్వు వచ్చి అప్పటికి మూడు వారాలయింది. ఆయన కూర్చోలేదు. కిటికీలోంచి తన కారు పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డారు. బుగ్గ తీసేసిన చోట నాలుగు రంధ్రాలు, వాటి మీద నల్ల టేపు.

"రైల్వే గేటు దగ్గర నిన్న ఒక గేదె అడ్డంగా పడుకుని ఉందండీ. నా కారు చూసి లేవలేదు."

"గేదెలు మామూలుగా లేవవండీ."

"బుగ్గ ఉన్న రోజుల్లో ఈ గేదే లేచేది."

"ఇదే గేదె అని..."

"ఎడమ కొమ్ము విరిగి ఉంటుంది. నేను గుర్తుపట్టాను. అది నన్ను గుర్తుపట్టలేదు."

పోగొట్టుకున్న మనిషి ఎదుట నవ్వకూడదు, పోగొట్టుకున్నది బుగ్గే అయినా సరే. కొన్నాళ్లు ఓపిక పట్టమన్నాను. ఓపిక పట్టాలని ఫైలు మీద రాసిస్తే పడతానన్నారు.

అందుకని రాశాను. ఆ ఐదు వాక్యాలు ఇవి: "మంద్రమైన శబ్దం చెవికన్నా ముందు రొమ్ముకు తెలుస్తుంది. ఆ అదురును మనిషి తన గుండె దడే అనుకుంటాడు. దడ ఉంది గనక భయపడుతున్నానని నమ్ముతాడు. భయానికి కారణం వెతుక్కుంటాడు. ఎదుట ఎవరుంటే వారే కారణం." చిన్న కాగితం, నిండిపోయింది. వెనక పేజీలో అసలు విషయం రాశాను: బుగ్గకు దొరికిన గౌరవం కూడా ఇలాంటి పొరపాటేననీ, ఎన్నడూ మనది కాని దాన్ని పోగొట్టుకున్నామని బాధపడటం అనవసరమనీ.

ఫైలులో చీటీ గుచ్చిన చోటే చదవడం మా పద్ధతి. సూపరింటెండెంట్ కామేశం గారు చీటీని మొదటి పేజీకి గుచ్చారు. కాగితం ఎవరూ తిప్పలేదు. చివర డైరెక్టర్ గారు ఆకుపచ్చ సిరాతో 'ఆమోదించడమైనది' అని రాశారు. ఏమి ఆమోదించారో అడగడానికి కామేశం గారి దగ్గరికి వెళ్లాను.

"తమరి ప్రతిపాదనే," అన్నారాయన. ఆయన మామూలు మాట కూడా ఫైలు భాషలోనే మాట్లాడతారు. ఇంట్లో కూర బాగుంటే ఏమంటారో ఊహించుకోవచ్చు.

"నేనేమీ ప్రతిపాదించలేదండీ. వివరించాను."

"అభ్యంతరం తెలుపని వివరణ ప్రతిపాదనగానే పరిగణించబడుతుంది. ఈ మేరకు తగు చర్య ప్రారంభమైనది."

వారం తిరగకుండా ఉత్తర్వు వెలువడింది. బుగ్గ నిషిద్ధం, సైరను నిషిద్ధం. కారులో స్పీకరు పెట్టుకోకూడదని ఎక్కడా లేదు. కనుక హోదా కలిగిన ప్రతి అధికారి వాహనంలోనూ ఆంప్లిఫయరు, మంద్రమైన బాసు మోగించే సబ్‌ ఊఫర్లు అమర్చి 'హోదా ధ్వని' ఏర్పాటు చేయాలి. డైరెక్టరుకు పదిహేను అంగుళాల ఊఫర్లు రెండు. జాయింట్ డైరెక్టరుకు పన్నెండు అంగుళాలవి రెండు. డిప్యూటీకి పన్నెండుది ఒకటి, అసిస్టెంటుకు పదిది ఒకటి. కుర్చీ మీద తువ్వాలు వేసుకునే అర్హత ఉండి కారు లేని సూపరింటెండెంట్లు స్కూటరు వెనక సీటుకు ఎనిమిది అంగుళాలది తాడుతో కట్టుకోవచ్చు. ఒకరి దడ తమ పైవారి దడను మించరాదు. యాభై మీటర్లలోపు హోదా ధ్వని తగిలిన సిబ్బంది లేచి నిలబడాలి. దడ ఆగేవరకు కూర్చోరాదు.

అందులో ఏ పాట వేయాలన్నదాని మీద కమిటీ వేశారు. భక్తిపాట వేస్తే ఒక దేవుడికి పక్షపాతం. సినిమా పాట వేస్తే ఒక హీరోకి. జానపదం ఒక జిల్లాకి. మూడు సమావేశాల తర్వాత, పాట వల్లనే అభిప్రాయ భేదాలు వస్తున్నందున పాటను తొలగించి దడను మాత్రమే ఉంచాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

డైరెక్టర్ గారి కారు డ్రైవరు గనిరాజు. యాభై నాలుగేళ్లు, పొట్టి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర గుడ్డముక్క. ముప్ఫై ఏళ్లుగా శాఖ కార్లే నడుపుతున్నాడు. కారును ఆటోనగర్‌లో మీరా సాహెబ్ దుకాణానికి తీసుకువెళ్లిన రోజున సాంకేతిక సాక్షిగా నన్నూ పంపారు. కామేశం గారు ఉత్తర్వు పట్టుకుని ముందు కూర్చున్నారు.

మీరా సాహెబ్ ఊళ్లో పేరున్న ఫిట్టరు. ఆయన చెవి వెనక పెన్సిలు, చేతిలో టేపు. ఉత్తర్వు చదివించుకుని, టేపుతో డిక్కీ కొలిచి, నవ్వాడు.

"సార్, పదిహేనువి రెండు పెట్టాలంటే పెట్టె డిక్కీలో పట్టదు. స్టెప్నీ తీసెయ్యాలి. వెనక సీటు కూడా తీసెయ్యాలి."

"తొలగించవచ్చును."

"డోర్లకి రేకు లోపల షీటు అంటించాలి, లేపోతే రేకులు కొట్టుకుంటాయి. బ్యాటరీ నుంచి ఇంత లావు వైరు లాగాలి. బండిలో ఉన్న బ్యాటరీ ఆగదు."

"వైరు లావు విషయమై ఉత్తర్వు మౌనంగా ఉన్నది. కానిమ్ము."

"సరే సార్. పాట ఏది వెయ్యమంటారు, టెస్టింగుకి?"

"పాట లేదు."

మీరా సాహెబ్ టేపు చుట్టడం ఆపాడు. "పాట లేకుండా బాసు ఏంటి సార్? తాళింపు పెట్టి పప్పు వద్దన్నట్టు. మా పనిలో బాసు వినపడకూడదు సార్. పాట కింద నేల లాగా ఉండాలి. ఇరవయ్యేళ్లు చేశాను, ఒట్టి నేల ఎవరూ అడగలేదు."

"అభిప్రాయాలు కోరబడలేదు," అన్నారు కామేశం గారు.

నాలుగు రోజులు పట్టింది. ఆఖరి రోజున మీరా సాహెబ్ స్విచ్చి వేశాడు. పాట కాదు, మాట కాదు. నేల లోపల ఎవరో నిదానంగా తలుపు తడుతున్నట్టు. దెబ్బ దెబ్బకీ కారు దీపాలు మసకబారాయి. ఎదురు కొట్లో టీ గ్లాసులు పళ్లెంలో నడిచాయి. అరటిపళ్లు అమ్మే ఆవిడ గుండె పట్టుకుని లేచి నిలబడింది. చుట్టూ చూసింది. కామేశం గారి చేతిలో ఫైలు కనిపించింది. దండం పెట్టింది.

"పనిచేయుచున్నది," అన్నారు కామేశం గారు. ఆయన కూడా లేచే నిలబడ్డారు.

నేను ఆవిడ ముఖాన్నే చూస్తున్నాను. నా ఐదో వాక్యం నా కళ్లెదుట దండం పెడుతోంది. ఒక సిద్ధాంతం నిజమని తేలితే రాసినవాడికి సంతోషం కలగాలి.

గనిరాజు మాత్రం కారు పక్కన తల వంచి నిలబడ్డాడు. "సాయిబు గారూ, ఎడం పక్క పెట్టికి కింద మూడో బోల్టు వదులుగా ఉందండి," అన్నాడు. అంత మోతలో ఎలా వినిపించిందని మీరా సాహెబ్ నవ్వుతూనే స్పానరు పెట్టి చూశాడు. మూడో బోల్టు ఒక చుట్టు తిరిగింది. ఆయన నవ్వు ఆగింది. గనిరాజు చెవుల వైపు, మంచి పనిముట్టును చూసినట్టు చూశాడు.

"ఇలాంటి చెవులు ఆఫీసులో ఏం చేస్తున్నాయి?" అన్నాడు.

ఇక డైరెక్టర్ గారు ఎక్కడ కూర్చోవాలన్న సమస్య మిగిలింది. వెనక సీటు లేదు. ముందు సీటు అధికారి వెంట నడిచే దఫేదారుది. అందులో అధికారి కూర్చోవడం మర్యాద కాదు. కాబట్టి కారు ముందు వెళ్లేది, ఆయన వెనక ఆటోలో వెళ్లేవారు. ఊళ్లోవాళ్లు కారుకి లేచి, ఆటోకి కూర్చునేవారు. ఒకరోజు ఒక గ్రామసభలో కారు ముందుగా చేరింది. ఆటో పంక్చరయి ఎక్కడో నిలిచిపోయింది. జనం కాసేపు చూసి, ఊఫరు పెట్టెకు దండ వేసి, ఒక నిమిషం దడ విని, సభ ముగించారు. ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు. దీని మీద కామేశం గారు ఫైలు నడిపారు: హోదా ధ్వని హాజరైన సందర్భమున అధికారి హాజరైనట్లే భావించవలెను. డైరెక్టర్ గారు ఆ ఫైలు మీద సంతకం పెట్టి, ఆ తర్వాత చాలాసేపు ఖాళీగా కూర్చున్నారట.

నెల తర్వాత నా గదికి నాలుగో మనిషి వచ్చాడు. గనిరాజు. కూర్చోమంటే గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మేష్టారండీ, మీరు మనసు డాక్టరంట గదా. చెవులు కూడా చూత్తారాండి?"

"ఏమైంది?"

"ఎవరో ఈల ఏత్తన్నారండి లోపల. పొద్దున్న లేవగానే మొదలండి. భోంచేసేటప్పుడు కూడానండి." అతను ఎర్ర గుడ్డముక్క తీసి మెడ తుడుచుకున్నాడు. "ఈల ఏత్తే ఏత్తాడు, పోనీ అనుకుందుము. దసరా ఎల్లగానే మాకు చెవుల పరీక్షండి. ఇరవై అడుగుల ఎనక నిలబడి డాక్టరమ్మ గుసగుసగా మాటంటది. తిరిగి చెప్పాలండి. చెప్పలేపోతే లైసెన్సు తీసేత్తారు, ఉద్యోగం తీసేత్తారు. నాకు స్టీరింగు పట్టుకోడం తప్పితే ఏవీ రాదండి. వాచ్‌మెన్‌గా ఏత్తారా అంటే, ఆడికీ వినపడాలంటండి."

ఆ చెవులను ఈ గదిలోనుంచే నేను పాడుచేస్తున్నానని అతనికి తెలియదు. చెప్పాలనుకున్నాను. చెప్పకుండా ఫైలు తీశాను. పిరికివాడు పశ్చాత్తాపాన్ని కూడా లిఖితపూర్వకంగానే చేస్తాడు.

హోదా ధ్వని వల్ల డ్రైవరు చెవులకు హాని కలుగుతోందని, వెంటనే ఆపాలని రాశాను. చీటీ 'హాని కలుగుతోంది' దగ్గర గుచ్చారు. 'ఆపాలి' వెనక పేజీలోకి పోయింది. ఉత్తర్వు వచ్చింది: డ్రైవరు చెవుల్లో దూది పెట్టుకోవలెను. దూది వల్ల ఇతర వాహనాల హారన్లు వినపడవు గనుక, వాటిని విని డ్రైవరు భుజము తట్టి తెలియపరచుటకు ముందు సీటునందు దఫేదారుకు బదులు ఒక శ్రవణ సహాయకుడు ఉండవలెను. ఇద్దరి తరపున వినవలసినవాడగుటచే సహాయకుడు దూది పెట్టుకొనరాదు. ఈ విషయమున విశేష పరిజ్ఞానము కలిగిన మనోవికాస అధికారిని అందులకు నియమించడమైనది.

ఆ విధంగా నేను గది ఖాళీ చేసి కారెక్కాను.

మొదటి రోజు గనిరాజు కారు తీస్తూ పద్ధతి చెప్పాడు. "ఒకసారి తడితే ఎనక హారను కొడతన్నాడని, మేష్టారండీ. గట్టిగా నొక్కితే ఆపమని. రెండుసార్లు తడితే ఎవడూ లేడు, పోనిమ్మని. అంతేనండి. భయపడి మూడు తట్టారనుకోండి, నాకు అర్థం కాదు."

మనుషులను ముట్టుకునే అలవాటు నాకు లేదు. మొదటి వారం వేలికొసతో తట్టేవాణ్ణి. "ఈగ వాలినట్టుందండి, గట్టిగా తట్టండి," అనేవాడు. వెనక పెట్టె వీపులో గుద్దుతుంటే, దుకాణాలవాళ్లు వరసగా లేచి నిలబడుతుంటే, నేనొక మనిషి భుజం మీద చేయి పెట్టుకుని ఊరంతా తిరిగాను. పుస్తకాలు ఇరవై ఏళ్లలో చెప్పనిది ఆ భుజం చెప్పేది. రోడ్డు బాగుంటే అది కిందికి దిగేది. స్కూలు వదిలే వేళకు బిగుసుకునేది. మూడో వారానికి నేను తట్టకముందే అతను తప్పుకునేవాడు.

"దూది ఉందిగా, ఎలా తెలిసింది?"

"మీ చెయ్యి ముందే బెదురుద్దండి."

రైల్వే గేటు దగ్గరికి మేము వెళ్లిన రోజు డైరెక్టర్ గారు ఆటోలో ముందుకు వంగి కూర్చున్నారు. కొమ్ము విరిగిన గేదె అక్కడే, అడ్డంగా పడుకుని ఉంది. గనిరాజు ఐదడుగుల దూరంలో కారు ఆపాడు. ఉన్న దడంతా పెట్టాం. రైలు గేటు చువ్వలు గలగలలాడాయి. గేదె మాత్రం కళ్లు మూసుకుని, మెడ చాపి, నెమరు నిదానం చేసింది. కాసేపటికి పక్క పొలం నుంచి ఇంకో రెండు గేదెలు వచ్చి కారుకు ఇటూ అటూ చేరి పడుకున్నాయి.

"ఈటికి ఒళ్లు పట్టినట్టుందండి," అన్నాడు గనిరాజు.

డైరెక్టర్ గారు ఆటో వెనక్కి తిప్పించారు. మర్నాడు రెండో ఆంప్లిఫయరు మంజూరయింది.

దసరా దగ్గరపడింది. పరీక్ష తేదీ రాకముందే గనిరాజు చెవిని ఆ ఈల తినేస్తుందని నాకు అనిపించేది. చివరి ప్రయత్నంగా మరో నోటు రాశాను. ఈసారి ఎవరికీ పేజీ తిప్పే శ్రమ లేకుండా ఒకే పేజీలో ముగించాను. కోపంలో రాశాను కాబట్టి ఎత్తిపొడుపు కలిసింది: "ఈ ఉద్యోగం వినపడేవాడికి మాత్రమే హాని చేస్తుంది. వినపడని వాడికి ఏ హానీ లేదు. ఇది ఆలోచించవలసిన విషయం."

ఆలోచించారు. మా శాఖలో ఎత్తిపొడుపుకు చీటీ గుచ్చే చోటు లేదు, ప్రతి మాటా సూటిగానే వెళుతుంది. పది రోజుల్లో ఉత్తర్వు సవరించారు: హోదా ధ్వని వాహనములను ఇకపై వినికిడి లేని డ్రైవర్లే నడపవలెను. వార్షిక పరీక్షలో గుసగుస వినబడినచో అట్టివారు అనర్హులు.

కాగితం పట్టుకుని కామేశం గారి దగ్గరికి పరిగెత్తాను.

"ఇప్పటిదాకా వినపడకపోతే తీసేసేవారు. ఇప్పుడు వినపడితే తీసేస్తారా?"

"ఉద్యోగి క్షేమమును దృష్టిలో ఉంచుకొని తీసుకున్న నిర్ణయము. హాని జరుగుటకు అవకాశమున్న చెవులను శాఖ వినియోగించుకొనదు."

"గనిరాజుకి ఇంకా వినపడుతోందండీ."

"దానికి అతడే బాధ్యుడు. దూది అతనికి సరఫరా చేయబడినది, వాస్తవమే. కానీ అంత జాగ్రత్తగా పెట్టుకొమ్మని ఎవరూ ఆదేశించలేదు."

పరీక్షకు వారం రోజులుంది. షెడ్డులో, కారు పక్కన, నేను గనిరాజుకు వినపడకపోవడం నేర్పించాను. అతను గోడ వైపు తిరిగి నిలబడేవాడు. నేను వెనక ఇరవై అడుగుల దూరం నుంచి గుసగుసలాడేవాణ్ణి.

"గనిరాజు గారూ."

"ఆయ్."

"పలకకూడదు."

"అలవాటండీ. పెద్దోరు పిలిత్తే పలక్కుండా ఎలాగండి?"

"మనసును వేరేచోట పెట్టండి. శబ్దం చెవిలోకి రానివ్వండి, లోపలికి పిలవకండి. మనసులో లారీలు లెక్కపెట్టండి."

"లోడువా, ఖాళీవా?"

"ఏవైనా సరే."

"ఖాళీ లారీ సౌండు వేరుగా ఉంటదండి."

ఐదో రోజుకు కుదిరింది. పేరు పెట్టి పిలిచినా, టీ వచ్చిందన్నా, జీతం పెరిగిందన్నా కదల్లేదు. ఒకసారి మాత్రం 'మీ చెప్పు పక్కన తేలు' అన్నప్పుడు బానెట్ మీదికి ఎగిరాడు.

"అలా అనకూడదు మేష్టారూ!" అన్నాడు, గుండె పట్టుకుని. "ఉద్యోగం పోతే మళ్లీ చూసుకోవచ్చు. తేలు తేలేనండి."

ఇద్దరం నవ్వాం. షెడ్డులో నా నవ్వు నాకే కొత్తగా, ఎక్కడో దూరంగా వినిపించింది. రేకుల షెడ్డు కదా, అనుకున్నాను.

పరీక్ష రోజున డాక్టర్ సువర్చల గారు ఆఫీసు పక్క హాల్లోనే బల్ల వేసుకున్నారు. నడివయసు మనిషి, కళ్లద్దాల పైనుంచి చూసే అలవాటు. సవరించిన ఉత్తర్వును రెండుసార్లు చదివి పక్కన పెట్టారు. శాఖ తరపున కామేశం గారు, సహాయకుడిగా నేను. డైరెక్టర్ గారి తరపున కారు హాజరైంది, బయట. గుసగుసకు అడ్డు రాకుండా దడ ఆపారు గానీ, ఇంజను నడుస్తూనే ఉంది. ఆపితే మళ్లీ స్టార్టు కాదు. రెండో ఆంప్లిఫయరు వచ్చాక బ్యాటరీ పరిస్థితి అది.

గనిరాజు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మెడ వెనక చెమట కనిపిస్తోంది. డాక్టరు గారు ఇరవై అడుగుల వెనక నుంచి పెదవులు కదిపారు. అతను కదల్లేదు. మళ్లీ కదిపారు. కదల్లేదు. మూడోసారి ఆవిడ ఏదో చిలిపి ప్రశ్న వేసినట్టున్నారు, కామేశం గారు పళ్లు బిగబట్టి నవ్వు ఆపుకున్నారు. గనిరాజు భుజం నిశ్చలంగా ఉంది. ఆ భుజం నాకు తెలుసు. లారీలు లెక్కపెడుతోంది. ఖాళీ లారీలు.

డాక్టరు గారు కూర్చుని కలం తీశారు. 'వినికిడి' అని రాయడం కూడా నాకు కనిపించింది. ఇంకొక్క మాట రాస్తే చాలు.

అప్పుడు గనిరాజు తల ఎడమ పక్కకి వాలింది. ఒక క్షణం అలాగే ఉన్నాడు. భుజం బిగుసుకుంది. గోడ వైపు చూస్తూనే, గట్టిగా అన్నాడు:

"బయట ఇంజను ఆపెయ్యమనండి. ఫ్యాను బెల్టు తెగబోతందండి. తెగిందంటే ఇంజను పట్టేత్తది. బేగా ఆపండి!"

ఎవరూ కదల్లేదు. అతనే పరిగెత్తాడు. ఆపేసి, బానెట్ ఎత్తి, ఎర్ర గుడ్డముక్కతో బెల్టు పట్టి చూపించాడు. ఒక్క దారం మీద ఉంది.

తిరిగి లోపలికి వచ్చాక గానీ ఏం చేశాడో అతనికి తట్టలేదు. గుమ్మంలో ఆగిపోయాడు. మా ముగ్గురి ముఖాలూ చూశాడు.

"మీ మాటైతే ఆపుకోగలిగానమ్మా," అన్నాడు డాక్టరు గారితో. "బండి అరుత్తుంటే ఎలాగండి?"

కామేశం గారు గొంతు సవరించుకున్నారు. "ప్రభుత్వ వాహనమును రక్షించినందుకు శాఖ అభినందించుచున్నది. చెవులు పనిచేయుచున్నట్లు రుజువైనందున అనర్హునిగా ప్రకటించుచున్నది. రెండును వేర్వేరు ఫైళ్లు."

డాక్టరు గారు అతని వైపు చూడటం లేదు. నా వైపు చూస్తున్నారు.

"ఆ బెల్టు చప్పుడు మీకు వినిపించిందా?" అని అడిగారు.

"లేదండీ. అతని చెవులు వేరు."

"నాకు వినిపించింది. ఆయనకీ వినిపించింది," అన్నారు కామేశం గారిని చూపిస్తూ. తర్వాత ఆవిడ పెదవులు కదిలాయి. చాలాసేపు. నేను మర్యాదగా తల ఊపాను.

ఆవిడ ఇంకో కాగితం తీసుకుని నా పేరు అడిగారు. ఈసారి గట్టిగా.

సహాయకుడి పని లేక నేను మళ్లీ చేరిన పాత గది బల్ల మీదికి నాలుగు రోజులకు ఉత్తర్వు వచ్చింది. వార్షిక పరీక్షలో మనోవికాస అధికారి పూర్తి అర్హత పొందినందున ఆయనను డైరెక్టర్ గారి వాహన డ్రైవరుగా నియమించడమైనది. నాకు కారు నడపడం రాదు. ఆ సంగతి కామేశం గారికి చెప్పాను. వినపడకపోవడం తప్పనిసరి అర్హత అనీ, నడపడం వాంఛనీయ అర్హత మాత్రమేననీ కాగితం మీద రాసి చూపించారు. మాట్లాడటం వృథా అని ఆయన నా విషయంలో అప్పటికే గ్రహించారు.

ఆ మధ్యాహ్నం ఒంటరిగా కూర్చున్నాను. ఇదే కదా నేను కోరుకున్న నిశ్శబ్దం. వరండాలో నడిచేవాళ్ల చెప్పులు లేవు, ఫ్యాను చప్పుడు లేదు. మా శాఖ నేను కోరుకున్నదాన్ని పూర్తిగా మంజూరు చేసింది. దాని వెనక పేజీ ఇప్పుడు చదువుతున్నాను.

అంతలో దడ తగిలింది.

రొమ్ములో, నిదానంగా, నేల లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు. యాభై మీటర్లలోపే ఉంది. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను. నిబంధన ప్రకారం అది ఆగేవరకు కూర్చోకూడదు. ఆగలేదు. ఎవరొస్తున్నారా అని ఆలోచించాను. డైరెక్టర్ గారా? జాయింటా? భయానికి కారణం వెతుక్కున్నాను. దడ ఇంకా పెరిగింది. కాళ్లు నొప్పి పుట్టాయి. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు.

భుజం మీద ఎవరో తట్టారు. రెండుసార్లు.

తిరిగి చూస్తే గనిరాజు. చేతిలో కారు తాళాలు, అప్పగించడానికి తెచ్చినవి. చొక్కా మీద అప్పుడే గ్రీజు మరక. రేపటినుంచి రమ్మని మీరా సాహెబ్ కబురు పెట్టాడట, బండ్లు వినే మనిషి కావాలని. ఇతను ఇవాళే వెళ్లి ఒక పూట పని చేసి వచ్చాడు. ఇవన్నీ నా ముఖానికి దగ్గరగా వంగి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"మరి ఎవరి కోసమండి, నిలబడ్డారు?"

కిటికీ వైపు చూపించాను. అతను కిటికీ దగ్గరికి వెళ్లి, తల ఎడమకు వాల్చి, కాసేపు విన్నాడు. తిరిగి వచ్చాడు. తాళాలు బల్ల మీద పెట్టాడు.

"ఏ బండీ లేదు మేష్టారూ. నేను విన్నానుగా."

అయినా నేను కూర్చోలేదని చూసి, మళ్లీ భుజం మీద రెండుసార్లు తట్టాడు. ఈసారి గట్టిగా.

కూర్చున్నాను.